పెసలు లెక్కపెట్టిన ఆదివారాలు

శుక్రవారం సింధూజ వైవా అనీ, విశాఖ నుంచి వచ్చే ఎగ్జామినరుతో కలిపి పాతికమంది తేలతారనీ, ఆ పెద్దమనిషికి హోటల్ తిండి పడదనీ, అందుకని "కాస్త చూడు సుధా" అనీ చెప్పి వెంకటేశ్వర్లు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. కాస్త చూడటమంటే ఏమిటో సుధామయికి ఇరవై తొమ్మిదేళ్లుగా తెలుసు. పాతికమందికి పులిహోర, గారెలు, చక్రపొంగలి, దద్దోజనం చేయడం, పన్నెండు గంటలకల్లా డిపార్ట్‌మెంటుకు చేర్చడం, అక్కడ నిలబడి వడ్డించడం, అందరూ తిన్నాక మిగిలింది తిని గిన్నెలూ గరిటెలూ సర్దుకుని ఇంటికి తెచ్చుకోవడం. ఇంత పనికీ ఆయన దగ్గర ఉన్న మాట అదొక్కటే.

అయినా ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో సింధూజ పన్నెండో మనిషి. పదకొండుమంది మగపిల్లలు హాల్లో బల్ల దగ్గర కూర్చుని తిని, "చాలా బాగుంది మేడమ్" అని చెయ్యి కడుక్కుని వెళ్లినవాళ్లు. ఈ పిల్ల ఒక్కతే వంటింటి గుమ్మంలో కూర్చుని, తిన్న కంచం తనే తోముకుని, "మేడమ్, మీరు తిన్నరా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగిన మనిషిని వేళ్ల మీద లెక్కపెట్టబోతే ఒక వేలు దగ్గరే ఆగిపోవాలి. ఆ పిల్ల వైవాకి వండటమంటే సొంత కూతురు పెళ్లికి వండినట్టే అనుకుంటూ సుధామయి సామాన్ల గది గడియ తీసింది.

గదిలో అన్నీ ఉన్నాయి. మినప్పప్పు, పెసరపప్పు, బెల్లం, జీడిపప్పు, ఇంగువ, జాడీలో చింతపండు. పాతికమంది కాదు, యాభైమంది వచ్చినా గడప దాటి బయటికి వెళ్లే పని లేదు. దాటి వెళ్దామన్నా ఎక్కడికని. క్వార్టరు యూనివర్సిటీ క్యాంపస్‌కు ఆ చివర ఉంది. చుట్టాలకు ఆ చోటంటే మహా ముచ్చట. వేపచెట్లు, పొద్దున్నే ప్రహరీ మీద నెమళ్లు. "సిటీ నడిబొడ్డున అడవిలో ఉన్నావే అక్కా" అని చెల్లెలు వచ్చినప్పుడల్లా ఫోటోలు తీసుకుని పోతుంది. నెమళ్లు కొత్తిమీర కట్ట తెచ్చిపెట్టవని దానికి ఎవరు చెప్పాలి. ఉప్పు ప్యాకెట్టు కావాలన్నా తార్నాక పోవాల్సిందే, మూడు కిలోమీటర్లు. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. తిరుగు బేరం దొరకదని ఆటో అతను గేటు దగ్గరే దించేస్తాడు. ముందు స్కూటరు, తర్వాత కారు, రెండూ పొద్దున్న ఆయనతో వెళ్లి సాయంత్రం ఆయనతో వచ్చేవే. ఇక గేట్లు మూసిన రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. ఉద్యమం రోజుల్లో పోలీసులు, ముళ్లకంచెలు. ఆ తర్వాత లాక్‌డౌన్. ఇప్పుడు తార్నాక ఫ్లాట్లలో ఉన్నవాళ్లు ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో పాలూ పెరుగూ గుమ్మంలో ఉంటున్నాయట. ఈ క్వార్టరు ఆ ఫోన్ మ్యాపులో వాటర్ ట్యాంకు వెనకాల ఖాళీ స్థలంలా కనబడుతుంది. సుధామయి రెండుసార్లు ఆర్డరు పెడితే రెండుసార్లూ క్యాన్సిల్ అయింది.

కాబట్టి ఏడాదికి సరిపడా సామానంతా ఇంట్లో ఉండాలి. శివరాత్రి వెళ్లిందంటే అత్తగారు శ్యామలాంబ వరండాలో కుర్చీ వేయించుకునేది. మిరపకాయలకు తొడిమలు తీయడం, చింతపండుకు గింజలూ ఈనెలూ తీసి ఉప్పు చల్లి జాడీలో అదమడం, కందిపప్పు ఎండబెట్టి, అరచేతులకు ఆముదం రాసుకుని గింజ గింజకూ పట్టించడం, బియ్యంలో వేపాకు కలపడం, రవ్వ వేయించి చల్లార్చి డబ్బాకెత్తడం. మాట అత్తగారిది, చెయ్యి కోడలిది. ఏది నిండుకోబోతోందో నెల ముందే సుధామయి తలలో గంట మోగాలి. మోగకపోతే ఆ రోజు వచ్చిపోయేవాళ్ల ముందు అత్తగారి నోరు మోగేది. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది గానీ, ఆ గంట మాత్రం సుధామయి తలలో ఇంకా మోగుతూనే ఉంది.

సుధామయి ఎమ్మెస్సీ జువాలజీ. యూనివర్సిటీలో రెండో ర్యాంకు. ధాన్యం గింజలను తొలిచే పురుగుల మీద పీహెచ్‌డీకి రిజిస్టర్ అయిన ఏడాదికే పెళ్లి, పెళ్లయిన రెండేళ్లకు కూతురు ధరణి పుట్టడం, ధరణికి ఏడాది వెళ్లేసరికి అత్తగారికి తుంటి విరగడం. గడువు దాటినందున రిజిస్ట్రేషన్ రద్దయిందని ఉత్తరం వస్తే వెంకటేశ్వర్లు చదివి, "ఇంట్లో ఒక డాక్టరేట్ చాలదుటోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ సుధామయికి సిగ్గేస్తుంది. ఏడవాల్సిన చోట నవ్వి అందరి పనీ సులువు చేసింది.

ఆ తర్వాత ఒక వేసవిలో, గేట్లు మూసిన రోజుల కోసమని ఎక్కువగా తెప్పించిన పెసలు నిలువునా పుచ్చిపోయాయి. చేట నిండా నల్లటి పెంకు పురుగులు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు అత్తగారు తాపీగా అంది. "పురుగుల చదువే చదివిందటండీ మా కోడలు. పెసల్లో పురుగు పట్టకుండా మాత్రం చూసుకోలేదు." సుధామయి సామాన్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, చేటలో గింజల మీద చిల్లుల వైపు చూసింది. చూపు అక్కడే ఆగింది. ఒక్కో గింజకు ఒక్కో చిల్లు. కొన్నిటికి రెండు. కొన్ని గింజల జోలికి పురుగు అసలు పోలేదు. ఎందుకు పోలేదు? చాలా కాలం తర్వాత ఆమెను ఒక ప్రశ్న ముట్టుకుంది.

మరుసటి ఉగాదికి ఆరు హార్లిక్స్ సీసాలు కడిగి ఆరబెట్టింది. ఒకే సంచిలోని పెసలు ఆరింట్లోనూ పోసింది. ఒకదానిలో వేపాకు, ఒకదానిలో ఆముదం, ఒకదానిలో బూడిద, ఒకదానిలో ఎండుమిరపకాయలు, ఒకదానిలో వాముపొడి, చివరిదానిలో ఏమీ లేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోంచేసి నడుం వాల్చాక, సీసాకి వంద గింజలు స్టీలు పళ్లెంలో పోసుకుని, పాత భూతద్దం కింద ఎన్నిటికి చిల్లు పడిందో లెక్కపెట్టేది. ఆయనకు ఏటా ఎవరో ఒకరు ఇచ్చే డైరీలు ఖాళీగా పడుండేవి. వాటిలో రాసేది. ఆ వారం వానా ఎండా, గదిలో ఉక్క ఎంత, పురుగు రెక్క ఏ రంగు, అన్నీ. ఇంట్లో అందరికీ అదొక తమాషా. "మా ఆవిడ పెసలకు హాజరు వేస్తోంది, కాఫీ ఆలస్యమవుతుంది" అని వెంకటేశ్వర్లు స్నేహితులతో అనేవాడు. ఏటా ఉగాదికి కొత్త పెసలు పోసి తొమ్మిదేళ్లు వేసింది హాజరు. అత్తగారు మంచం పట్టాక ఆదివారాలు కూడా ఆమెవి కాకుండా పోయాయి. తొమ్మిది డైరీలూ తాడు కట్టి, పై అరలో చింతపండు జాడీ వెనక పెట్టింది. సీసాలు మాత్రం మూతల మీది కాగితాలతో సహా కింది అరలో అలాగే ఉండిపోయాయి.

సింధూజది జనగామ దగ్గర పల్లె. తండ్రి వెంకటనర్సయ్య పత్తి వేస్తాడు. హాస్టల్లో ఉంటూ ఆరేళ్లు ల్యాబులో పురుగులు పెంచింది. లాక్‌డౌన్‌లో ల్యాబుకు తాళం వేసినప్పుడు ఆ పురుగులన్నీ చచ్చిపోయాయి. గేట్లు తెరిచాక ఈ వంటింటి గుమ్మంలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఫెలోషిప్ అయిపోవచ్చింది, మళ్లీ మొదటినుంచి చేయడానికి కాలం లేదు. ఊళ్లో సంబంధాలు చూస్తున్నారని, ఇది పూర్తికాకపోతే పెళ్లి చేసి పంపిస్తారని చెప్పింది. సుధామయి ఆ రోజు ఆ పిల్ల తల నిమిరింది తప్ప ఏమీ చేయలేకపోయింది. ఈ ఏడాది మొదట్లో వెంకటేశ్వర్లు, "సింధూజ థీసిస్ అయిపోయింది, ఏదో సర్దాం" అన్నప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టింది.

గురువారం పొద్దున్న ఆయన గదిలో కాఫీ పెట్టడానికి వెళ్తే బల్ల మీద ఆ థీసిస్ ఉంది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ఎవరి థీసిస్ అయినా సుధామయి ముందు తెరిచేది కృతజ్ఞతల పేజీ. పదకొండు థీసిస్‌లలోనూ చివర తన గురించి రెండు వాక్యాలుంటాయి. అన్నపూర్ణ అని ఒకడు, అమ్మలాంటి మేడమ్ అని ఒకడు. సింధూజ ఏం రాసిందో చూద్దామని తెరిచింది. ఆకలి తెలియకుండా ఆరేళ్లు అన్నం పెట్టిన సుధామయి మేడమ్‌కు అని ఉంది. మిగతావాళ్లెవరూ పేరు రాయలేదు, ఈ పిల్ల రాసింది. కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఉత్సాహంలోనే నాలుగు పేజీలు తిప్పింది. ఇంకో నాలుగు తిప్పింది.

నాలుగో అధ్యాయం మొదట్లో ఒక ఫోటో ఉంది. ఆరు హార్లిక్స్ సీసాలు. మూతల మీద తన చేతిరాతతో అంటించిన కాగితాలు. వెనక గోడకు అత్తగారు పెట్టించిన పసుపు బొట్లు. కింద ఇంగ్లీషులో, ఒక గృహంలోని నిల్వ గది, తార్నాక అని రాసి ఉంది. తర్వాత పేజీ నుంచి వరసగా పట్టికలు. వేపాకు, ఆముదం, బూడిద. తొమ్మిదేళ్లు. ఇంట్లో దీర్ఘకాలం నిల్వచేసిన గింజల మీద ఇంత నిడివి పరిశీలన ఇదివరకు లేదని మొదటి పేరాలోనే ఉంది. ఆ మాట సుధామయి మూడుసార్లు చదువుకుంది. తను చేసింది అంత పెద్ద పని అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్టూలు వేసుకుని సామాన్ల గదిలో పై అర తడిమింది. జాడీ వెనక దుమ్ములో నలుచదరంగా ఖాళీ ఉంది.

స్నానం చేసి వచ్చిన వెంకటేశ్వర్లును అడిగింది. ఆయన తడబడలేదు, దాచలేదు. పోయిన దసరాకి పుణెలో ధరణికి కామెర్లు వచ్చి సుధామయి అక్కడ నెలరోజులు ఉన్నప్పుడు తీశానన్నాడు. ఒక ఆడపిల్ల జీవితం నిలబడిందనీ, నువ్వయితే వాటితో ఏం చేసుకుంటావనీ, ఏ చెదలో తినేదనీ అన్నాడు.

"నాకు ఒక్కమాట చెప్పలేదేమండీ?"

"ఇంట్లోవేగా సుధా. పరాయివా ఏమిటి చెప్పి తీసుకోవడానికి?"

"నా పేరు..."

"ఎందుకు లేదు? కృతజ్ఞతల్లో ఉందిగా. గృహిణి వంటింట్లో రాసుకున్న డైరీలంటే ఎగ్జామినరు ఒప్పుకుంటాడా, నవ్వి పోడూ? నా పర్యవేక్షణలో అంటేనే విలువ." కాఫీ అందుకుని చల్లారిందన్నట్టు ముఖం పెట్టాడు. ఆమె వేడిచేసి తెచ్చింది. తర్వాత మినప్పప్పు ఎంత నానబెట్టాలో చూసుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

మధ్యాహ్నమంతా పనిచేస్తూనే ఆలోచించింది. ఆయన అన్నది అబద్ధమా? వాటితో తనేం చేసుకునేది? యాభై మూడేళ్లకు ఎవరికి చూపించేది? ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఆమె చేసినవన్నీ ఎవరో ఒకరి కడుపులోకే పోయాయి. ఇదీ అలాగే పోయిందనుకుంటే సరిపోతుంది. సరిపోతుందని నాలుగుసార్లు అనుకుంది. నాలుగోసారి అనుకున్నప్పుడు చేతిలోని బెల్లం చెక్క మీద కన్నీళ్లు పడుతున్నాయని చూసుకుంది.

సాయంత్రం సింధూజ వచ్చింది. రేపటికి కాగితం పళ్లేలు, నీళ్ల సీసాలు తెచ్చింది. గుమ్మంలో కూర్చుని జీడిపప్పు బద్దలు తీస్తుంటే సుధామయి మామూలుగానే అడిగింది, నాలుగో అధ్యాయం బాగా వచ్చిందా అని. ఆ పిల్ల ముఖం వెలిగింది.

"మీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న మేడమ్. మీ డైరీలు లేకుంటే నేను లేను. మేడమ్‌కు చెప్పిన, మస్తు సంతోషపడ్డది, పేరు మాత్రం వద్దన్నది అని సార్ చెప్పిండు. నేను ఇంకోసారి అడుగుదామంటే, ఆమెకు గసుంటివి నచ్చయి, అడగకు అన్నడు."

సుధామయి చేతిలోని గరిటె గట్టు మీద పెట్టింది. ఆమె ముఖం చూసి సింధూజ చేతులు ఆగిపోయాయి.

"సార్ మీకు చెప్పలేదా మేడమ్?"

సుధామయి తల అడ్డంగా ఊపింది. రేపు వైవా ఆపిస్తానంది సింధూజ. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. సుధామయి ఆ పిల్ల చేతిలోంచి పళ్లెం తీసుకుని, మీ నాన్నగారు వస్తున్నారా అని అడిగింది. పొద్దుగాల బస్సుకు వస్తున్నాడని, కొత్త ధోవతి కొన్నాడని చెప్పింది. "అయితే ఆపొద్దు. ఈ సంగతి మర్చిపో. పొద్దున్నే తలస్నానం చేసి కడుపునిండా తినిరా" అంది సుధామయి. అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అంది. ఆ పిల్లకు ఇవ్వడానికి ఆమెకు బాధ లేదు. అడిగితే తనే మూట విప్పి చేతిలో పెట్టేది. అడగకపోవడం దగ్గరే ఆమె ప్రాణం విలవిల్లాడింది.

సింధూజ వెళ్లాక, ఆయన టీవీ ముందు కూర్చున్నాక, ఆమె థీసిస్ తెచ్చుకుని వంటింటి బల్ల మీద పెట్టుకుంది. ఇక తనది కాదు కాబట్టి కనీసం చదువుకోవాలనిపించింది. వరస వరసా వేలు పెట్టి చదివింది. ఫలానా జూలైలో వానలు, ఫలానా మార్చిలో గదికి సున్నం. అంకెలు అంకెలుగా తన తొమ్మిదేళ్లూ వచ్చి పక్కన కూర్చున్నాయి. నూట పన్నెండో పేజీ దగ్గర వేలు ఆగింది. 2014 ఆగస్టు పది, పదిహేడు, ఇరవై నాలుగు. ఏమీ కలపని సీసాలో పుచ్చినవి ముప్ఫై నాలుగు, ముప్ఫై ఏడు, నలభై ఒకటి.

ఆ మూడు ఆదివారాలూ ఆమె పెసలు లెక్కపెట్టలేదు. కాకినాడలో ఉంది, ముందు ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన, తర్వాత కర్మల దగ్గర. ఆ ఆదివారాల హాజరును పని అన్న మనిషి లోకంలో అమ్మ ఒక్కతే. అయిదో తరగతి చదివిన మనిషి. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, ఈ వారం ఎన్ని పుచ్చాయే అని అడిగేది. చెబితే, "ఆముదం సీసా నయంగా ఉందే, నేను చెప్పలా" అని మురిసేది. ఆసుపత్రిలో తెలివి వచ్చినప్పుడు కూతుర్ని గుర్తుపట్టి, "పని వదిలేసి వచ్చావా, ఈ వారం ఎవరు చూస్తారే?" అంది. ఆఖరిగా తెలిసి మాట్లాడిన మాట అదే. పదహారు రోజులకు పోయింది. పదోరోజు అయ్యాక సుధామయి తిరిగొచ్చేసరికి ఇల్లు ఎలా వదిలి వెళ్లిందో అలాగే ఉంది. అత్తగారు అప్పటికి చిన్నకొడుకు దగ్గరికి వెళ్లింది, ధరణి హాస్టల్లో ఉంది, వెంకటేశ్వర్లు గెస్ట్‌హౌస్‌లో తిన్నాడు. సామాన్ల గది గడియ మీద సాలెగూడు కట్టింది. "వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియక నానా అవస్థా పడ్డాను" అన్నది ఆయన పరామర్శ. ఆ రోజు డైరీ తీసి, ఆ మూడు పేజీలకూ అడ్డంగా గీత గీసి, గీత మీద 'అమ్మ' అని మాత్రం రాసింది.

ఇప్పుడు అక్కడ ముప్ఫై నాలుగు, ముప్ఫై ఏడు, నలభై ఒకటి ఉన్నాయి.

హాల్లోకి వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్లలో అలా నిలబడటం అదే మొదలు. ఆగస్టు పేజీ చూపించి ఇదేమిటని అడిగింది. వెంకటేశ్వర్లు కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఓ అదా. మధ్యలో ఖాళీలుంటే ఎగ్జామినరు పట్టుకుంటాడు. ముందువీ వెనకవీ చూసి సగటు తీసి నింపమన్నాను సింధూజని. మూడు వారాలకేం."

"ఆ మూడు వారాల్లో మా అమ్మ పోయిందండీ."

"తెలుసు సుధా. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

ఆయన మంచి మనిషే అని ఊరంతా అంటుంది. చెయ్యెత్తి ఎరగడు, కట్నం అడిగి ఎరగడు. నిజంగానే తెలియక అడిగాడు, సంబంధం ఏమిటని. సుధామయి ఆయన ముఖంలోకి చూసి, థీసిస్ మూసి పక్కకు తప్పుకుంది. ఆయన టీవీ శబ్దం పెంచాడు. లోపల గిన్నెలో మినప్పప్పు నాని పొంగి మూతను పైకి నెట్టింది. ఆమె నీళ్లు వంపి, పప్పు కడిగి, రుబ్బడానికి కూర్చుంది.

శుక్రవారం పొద్దున్న అన్నీ అనుకున్న వేళకే అయ్యాయి. పులిహోర చక్కగా కుదిరింది, గారెలు ఒక్కటీ పగలలేదు. డిపార్ట్‌మెంటు సెమినార్ హాలు వెనక బల్లల మీద గిన్నెలు పేర్పించి, మూతల మీద తడిబట్టలు కప్పింది. వెంకటనర్సయ్య కొత్త ధోవతి కట్టుకుని మూడో వరసలో అంచు మీద కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, కన్నది మేమే గని సాదింది మీరు. మీ ఇంటి అన్నం మా బిడ్డ ఎన్నటికీ మరువది."

ఆమె ఆ జోడించిన చేతుల్ని కిందికి దించి, కూర్చోండి అంది. నిన్న సాయంత్రం సింధూజతో మర్చిపో అన్నదీ తనే. ఈ మనిషి కూతురు ఇవాళ గెలవాలని కోరుకుంటున్నదీ తనే. చివరి వరసలో గిన్నెల పక్కన కుర్చీ చూసుకుని కూర్చుంది.

వైవా మొదలైంది. పరిశోధన చేసినవాళ్లు అందరి ముందూ నిలబడి బయటి ఎగ్జామినరుకు జవాబు చెప్పుకోవాలి. సింధూజ ముఖం పాలిపోయి ఉన్నా బాగానే చెప్పింది. ల్యాబు పనంతా ఆ పిల్లది, దాంట్లో తిరుగులేదు. విశాఖ నుంచి వచ్చిన సోమయాజులు గారు తెల్లజుట్టు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నాలుగో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తన నలభై ఏళ్ల అనుభవంలో ఇంత ఓపికైన పని చూడలేదన్నాడు. తొమ్మిదేళ్లలో ఒక్క వారం కూడా తప్పకపోవడం మామూలు విషయం కాదన్నాడు. ఈ పరిశీలన ఎవరు చేశారని అడిగాడు. సింధూజ నోరు తెరిచేలోగా పక్కనుంచి వెంకటేశ్వర్లు చిరునవ్వుతో, మా ఇంట్లోనే, నా పర్యవేక్షణలో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సింధూజ తల వంచుకుంది. వెంకటనర్సయ్య, ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా, అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ఆ చప్పట్లు తనవేనని సుధామయికి తెలుసు. కావాలనిపించలేదు. ఆమె చెవిలో వేరే మాట ఆగిపోయింది. ఒక్క వారం కూడా తప్పలేదట. అంటే ఆ ఆగస్టులో అమ్మ పోలేదు. అంటే తను ఆసుపత్రిలో కూర్చోలేదు, ఎవరినీ సాగనంపలేదు, గీత గీయలేదు. ఇన్నాళ్లూ తను చేసిన పనిని లెక్కలోకి తీసుకోలేదు, సరే. చేయకుండా ఆగిన ఆ మూడు రోజులు కూడా తనకు మిగల్చలేదు.

చైర్మన్ లేచి, ఆనవాయితీ ప్రకారం, హాల్లో ఉన్నవారెవరైనా ప్రశ్నలు అడగవచ్చని ప్రకటించాడు. పన్నెండు వైవాల్లో ఆ మాటకు ఎవరూ నోరు విప్పడం ఆమె చూడలేదు. అప్పటికే అందరి ముక్కులూ గిన్నెల వైపు తిరిగి ఉన్నాయి. చైర్మన్ కూర్చోబోతుండగా చివరి వరసలో సుధామయి లేచి నిలబడింది.

"భోజనాలకు ఇంకో అయిదు నిమిషాలు సుధా" అన్నాడు వెంకటేశ్వర్లు. నలుగురు నవ్వారు.

"నాది ప్రశ్నండీ" అంది సుధామయి. గొంతు చిన్నగా వచ్చింది గానీ అందరికీ వినిపించింది.

సోమయాజులు గారు కళ్లజోడు పెట్టుకుని, అడగండమ్మా అన్నాడు. సింధూజ తలెత్తి చూసింది. ఆ కళ్లల్లో భయం ఉంది, భయం వెనక, అడగండి మేడమ్ అన్నట్టు ఇంకేదో ఉంది. మూడో వరసలో కొత్త ధోవతి మనిషి ఇటు తిరిగి చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆ నవ్వు చూడకుండా మాట్లాడితే బాగుండునని సుధామయికి అనిపించింది. చూస్తూనే మాట్లాడింది.

"నూట పన్నెండో పేజీలో 2014 ఆగస్టు పది, పదిహేడు, ఇరవై నాలుగు తేదీలకు అంకెలు ఉన్నాయి. ఆ డైరీలు రాసింది నేను. ఆ మూడు ఆదివారాలూ నేను కాకినాడలో మా అమ్మ దగ్గర ఉన్నాను. ఆ గది తలుపు ఎవరూ తీయలేదు. మిగతా తొమ్మిదేళ్ల సంగతీ నేను అడగను. ఈ మూడు రోజులు గింజలు ఎవరు లెక్కపెట్టారు? సింధూజను కాదు, పర్యవేక్షించిన మిమ్మల్ని అడుగుతున్నాను సార్."